చెన్‌జియాగోలో ఒక పూట

షావోలిన్‌లో టికెట్టు కొని పల్టీలు, కత్తిసాములు చూసొచ్చిన మర్నాడు హ్వాంగ్‌హో నది దాటి వెన్ కౌంటీలోని చెన్‌జియాగోకి వెళ్లాను. నింపాది కదలికల చైనా యుద్ధవిద్య తైచీకి పుట్టిల్లుగా పేరుపడ్డ ఊరు. 17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌టింగ్ ఈ విద్యను కూర్చాడని ఊరివాళ్ల గట్టి నమ్మకం. చరిత్రకారుల తగాదా మాత్రం ఇంకా తెగలేదు.

ఒక చిన్న శిక్షణశాల ఆవరణలో పిల్లలూ పెద్దలూ కలిసి 'లావోజియా ఈలు', అంటే పాత పద్ధతిలోని మొదటి వరస, చేస్తున్నారు. డెబ్బై పైచిలుకు భంగిమలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. ఇలాంటి కూర్పులను చైనాలో 'టావోలు' అంటారు. కరాటే నేర్చినవాళ్లకు 'కటా' అంటే చాలు. నింపాదిగా సాగుతున్నవాళ్లు ఉన్నట్టుండి కుడికాలు నేలకేసి కొట్టి, కుడి పిడికిలిని ఎడమ అరచేతిలో వేస్తారు. 'వజ్రధరుడు రోట్లో దంచడం' అట ఆ భంగిమ పేరు!

"ఇంత నెమ్మదైతే దెబ్బలాటలో ఎలా పనికొస్తుందండీ?" అని దుబాసీ చేత అడిగించాను. గురువుగారు మాట్లాడకుండా తన చెయ్యి పట్టుకోమని సైగ చేశారు. పట్టుకున్నాను. 'లాన్ జా యీ', అంగీ అంచు నడుముకు దోపుకునే భంగిమ, అదే నింపాదితో చేశారు. ఆయన పాదం నా మడమ వెనక్కి ఎప్పుడొచ్చిందో తెలీదు. భుజం ఛాతీకి ఆనింది, నేను వెనక్కి ఒరిగిపోయాను. ఒంటరిగా చేసినప్పుడు సోకుగా కనిపించిన అడుగు నిజానికి కాలికి వేసే అడ్డం.

16వ శతాబ్దపు మింగ్ రాజవంశ సేనాని చీ జిగువాంగ్ సైనిక శిక్షణ కోసం బొమ్మలతో ఇచ్చిన 32 భంగిమల్లో మొదటిది ఈ 'లాన్ జా యీ'యే. ముష్టివిద్య పెద్ద యుద్ధాలకు అక్కరకొచ్చేలా కనిపించదనీ, కాళ్లూ చేతులూ ఆడటానికి, కొత్తవాడు విద్యలో అడుగుపెట్టడానికి మాత్రం ఇదే గుమ్మమనీ రాశాడాయన. వరసలను ఉత్త నాట్యమని తీసిపారేసేవాళ్లకు ఆ మాట చూపించాలి. అయితే గుమ్మంలోనే ఆగిపోయేవాళ్లూ తక్కువేం కాదు.

ఇక్కడ వరస అయ్యాక 'టుయ్‌షౌ' ఉంటుంది. ఇద్దరు ముంజేతులు ఆనించుకుని, అవతలి మనిషి బరువు ఎటు మొగ్గుతోందో స్పర్శతోనే పసిగట్టి తోసుకుంటారు. వరసలో నడుము వదిలేసినవాడు ఇక్కడ తూలతాడు, వెళ్లి ఆ ముక్క మళ్లీ సాధన చేస్తాడు. ఈ రాకపోకలు లేకపోతే మిగిలేది వ్యాయామం. 1956లో ప్రభుత్వ క్రీడా సంఘం తైచీలోనే మరో శాఖ అయిన యాంగ్ శైలి నుంచి కుదించిన 24 భంగిమల వరసను పార్కుల్లో చాలామంది చేసేది అలాగే. ఆరోగ్యానికి మంచిదే, కాదనను. ఆ శైలికి ఆద్యుడు యాంగ్ లూచాన్ శిష్యరికం చేసిన వాకిలి కూడా ఈ ఊళ్లోనే ఉంది.

పిల్లలకు మాత్రం మనసంతా రెండో వరస 'పావోచుయి' మీదే. గెంతులు, మెరుపు గుద్దులు దాన్లో ఉంటాయి మరి. సాయంత్రం ఒక కుర్రాడు అది చేద్దామని గురువుగారిని చాలాసేపు బతిమాలాడు. ఆయన వాడి మోకాలు సరిచేసి, మొదటి వరసే మళ్లీ మొదలుపెట్టించారు.