ఎనిమిది లేన్లు, ముప్పై ఎనిమిది మంది, ఒక్క ఆదివారం

మా షూటింగ్ క్లబ్బు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ పోటీలు మొన్న ఆదివారం అయిపోయినయ్. కాళ్ల నొప్పులు ఇంకా పోలేదు, కోపం అసలే పోలేదు, అందుకే వేడి మీదే రాస్తున్నా. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఎవరైనా ఇలాంటివి పెట్టాలనుకుంటే పనికొస్తుంది.

ముందు తేదీ. పంచాంగం చూసి ముహూర్తాలు లేని ఆదివారం పట్టుకోండి, లేకపోతే వరంగల్ హంటర్ రోడ్ వైపు ఫంక్షన్ హాళ్ల డీజే మోతకు పిల్లలు ట్రిగ్గర్ మీద వేలు కూడా పెట్టలేరు. ఇక అనుమతి. గన్ను అనే మాట వినగానే ఒక ఆఫీసులో క్లర్కు అందరి లైసెన్సులూ తెమ్మన్నాడు. 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదని కాగితం తీసి చూపిస్తే చదవనే లేదు, పై సార్‌ను కలవమన్నాడు. ఆ పై సార్ చాయ్ తాగుతూనే సంతకం పెట్టిండు.

రేంజ్, అంటే కాల్చే చోటు, వేయడం నాకు ఇష్టమైన పని. కాల్చే గీత నుంచి కార్డు, అంటే గురి పెట్టే కాగితం, దాకా 10 మీటర్లు, కార్డు నడిమధ్య నేల నుంచి 1.4 మీటర్లు. తాడు కట్టి ఒక్కో లేనూ కొలిచాం. కార్డు మీద వెలుతురు 1500 లక్స్‌కు తగ్గకూడదు. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, ఆ వైరింగ్ మొత్తం నేనే చేశా, హైదరాబాద్ రేంజుల్లో కాల్చి వచ్చిన పిల్లలు కూడా లైటింగ్ బాగుందన్నారు.

అసలు నరకం డీటెయిల్స్ చార్టు, అంటే ఎవరు ఏ బ్యాచ్‌లో కాల్చాలో రాసే పట్టిక. పేపర్ కార్డుల మీద 60 షాట్లంటే గంటన్నర, దానికి ముందు ప్రిపరేషన్, సైటింగ్‌కు (లెక్కలోకి రాని ట్రయల్ షాట్లకు) 15 నిమిషాలు. ఒక్క రోజులో తెమలదని 40 షాట్లు, గంట టైం పెట్టాం. మధ్యలో కార్డులు మార్చడానికి, గన్నులు సర్దడానికి ఇరవై నిమిషాలు. అంటే ఎనిమిది లేన్ల మీద ఐదు డీటెయిల్స్, నలభై చోట్లు, ముప్పై ఎనిమిది మంది. లెక్కకు సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ క్లబ్బు రైఫిళ్లు నాలుగే, వాటి మీద ఆధారపడ్డ పిల్లలు పదకొండు మంది, ఒక్కొక్కరికీ భుజానికి ఆనే బట్‌ప్లేటు మార్చాలి, గురి సరిచేసే సైట్ క్లిక్కులు మార్చాలి, సిలిండర్‌లో గాలి చూసుకోవాలి. ఇద్దరు అక్కాచెల్లెళ్లకు ఒకటే గన్ను, ఒకటే జాకెట్, వాళ్లను ఒకే డీటెయిల్‌లో వేయలేం, వెంటవెంటనే కూడా వేయలేం. ఒక పిల్లగాడు రైఫిలూ కాలుస్తాడు, పిస్టలూ కాలుస్తాడు, వాడికి మధ్యలో విరామం కావాలి. మహబూబాబాద్ నుంచి వచ్చేవాళ్లను పొద్దున ఎనిమిదింటికి వేస్తే వాళ్లు నాలుగింటికే లేవాలి. ఒక పేరు జరిపితే మూడు పేర్లు కదులుతాయి. శుక్రవారం రాత్రి మా ఇంటావిడ అన్నం చల్లారిందని పిలిచీ పిలిచీ పడుకుంది.

లేన్లు మాత్రం చీటీలు వేసి, ముగ్గురు కోచ్‌ల ముందు తీశాం. అయినా ఆదివారం పొద్దున్నే ఒకాయన చార్టు ప్రింట్ తెచ్చి నా మొహం ముందు ఊపుతూ, "ఏం సార్, మీ అల్లునికి గోడ పక్కన లేను, మా బిడ్డకు తలుపు కాడనా? గిదేనా మీ లాటరీ?" అన్నడు. నా మేనల్లుడు కాలుస్తున్నది నిజమే, వాడి లేను కూడా చీటీలోనే వచ్చింది. చెప్తే వింటేనా! రిజిస్ట్రేషన్ బల్ల చుట్టూ పిల్లలు, తల్లులు, అంతా చూస్తున్నారు. చందాల డబ్బులు ఎటు పోతున్నయో కూడా అడిగిండు. ఇన్నేళ్ల నుంచి ఆదివారాలు ధారపోస్తున్న నాకు ఆ మాటకు నోట మాట రాలేదు, రసీదు పుస్తకం తీసి ఆయన ముందు పడేశా. తిప్పి కూడా చూడలేదు. చివరికి ఆ బిడ్డే వచ్చి, "డాడీ, టైం అయితాంది, జర పక్కకు జరుగు" అని గన్ను పెట్టె తీసుకుని ఎనిమిదో లేన్‌కు వెళ్లింది. గన్ను బల్ల మీద పెట్టి, గన్ను ఖాళీ అని చూపించే సేఫ్టీ ఫ్లాగు అలాగే ఉంచి, కమాండ్ కోసం నిలబడింది. ఆ క్రమశిక్షణ ఇంటి నుంచి వచ్చింది మాత్రం కాదు.

అందుకని చీటీలు కోచ్‌ల ముందు కాదు, తల్లిదండ్రుల ముందే తీయండి, వాళ్ల చేతులతోనే తీయించండి, వీడియో తీసి గ్రూపులో పడేయండి. లేన్ల విషయంలో ఫోన్ చేసి బతిమాలే వాళ్లకు అసలు లొంగొద్దు, ఒకరికి మార్చితే తెల్లారేసరికి అందరూ మీ గుమ్మంలో ఉంటారు.

స్కోరింగ్ గొడవ లేకుండానే అయింది. రైఫిల్ కార్డులో పది పాయింట్లంటే అర మిల్లీమీటరు చుక్క, రంధ్రం గీతకు తగిలిందా లేదా అన్నది కంటితో తేల్చొద్దు, గేజ్ అనే కొలిచే సాధనం పెట్టి చూడాలి. టై అయితే చివరి పది షాట్ల సిరీస్ చూడాలని ముందే గోడకు అంటించాం. స్కోరింగ్ బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరి పిల్లలూ పోటీలో లేరు, అదొక్కటి చాలా కలిసొచ్చింది.

ఎనిమిదో లేన్ అమ్మాయికి మూడో బహుమతి వచ్చింది. వాళ్ల నాన్న ఫోటోకు నా పక్కనే నిలబడ్డాడు, ఏమీ జరగనట్టు. వచ్చే నెల తేదీ కోసం హాలు వాళ్లకు ఫోన్ చేస్తున్నా, ఇంకా ఎత్తట్లేదు.