జీతగాడి మంద

శనివారం. పొద్దుటి నుంచీ ముసురు పట్టింది. బట్టలుతికి హీటర్ మీద ఆరేసి కూరగాయలకని బయల్దేరాను. వాన పెరిగేసరికి మోస్లీ స్ట్రీట్‌లో మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీలోకి దూరాను. టికెట్ అక్కర్లేదు కాబట్టి అప్పుడప్పుడూ వెళ్తూనే ఉంటాను. ఇవాళ మాత్రం ఒక్క బొమ్మ ముందే ముప్పావుగంట నిలబడిపోయాను.

విలియం హోల్మన్ హంట్ 1851లో మొదలుపెట్టిన తైలవర్ణ చిత్రం అది. పేరు 'ద హైర్‌లింగ్ షెపర్డ్'. అంటే జీతానికున్న గొర్రెల కాపరి. మీటరు పైచిలుకు వెడల్పు ఉంటుంది. ఎండ పడుతున్న పచ్చికలో ఒకమ్మాయి కూర్చుని ఉంది. కాపరి గొర్రెలకు వీపు పెట్టి, ఆమె మీదికి వంగి, చేతిలో ఉన్న పెద్ద రెక్కల పురుగుని చూపిస్తున్నాడు. దాని వీపు మీద పుర్రె ఆకారపు మచ్చ ఉంటుంది. అది కనిపిస్తే కీడని అక్కడి పల్లెజనం భయపడేవాళ్లు. కాపరి నడుముకి చిన్న చెక్క పీపా వేలాడుతోంది. అందులో ఏముందో అతని ఎర్రబారిన ముఖమే చెబుతోంది.

నేను ముందు చూసింది ఇవేవీ కాదు, అమ్మాయి ఒళ్లోని గొర్రెపిల్లని. అది పచ్చి ఆపిల్ కాయ కొరుకుతోంది. వెనక పెద్ద గొర్రెలు పండిన చేలో పడ్డాయి. కొన్ని పొట్టలు బరువై కూలబడ్డాయి. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

మా తాత పదేళ్ల వయసు నుంచీ ఒకరింట్లో గొర్రెల జీతానికున్నాడు. జొన్న కోసిన చేలో వానకి పిలకలొస్తే మందని ఆ దరికి కూడా పోనిచ్చేవాడు కాదు. నాము, అంటే ఆ పిలకలు, తిన్న గొర్రె మళ్లీ ఇంటికి రాదనేవాడు. కడుపుబ్బిన గొర్రెని పడుకోనివ్వకుండా నిలబెట్టి, ఎడమ డొక్క మీద వేలితో కొట్టి వినేవాడు. డప్పులా మోగితే మమ్మల్ని నూనెకి పరిగెత్తించేవాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది.

అందుకే ఆ బొమ్మ పేరు నాకు గుచ్చుకుంది. యోహాను సువార్త పదో అధ్యాయంలో మంచి కాపరికి ఎదురుగా నిలిపిన మనిషి జీతగాడే. తోడేలు రాగానే మందని వదిలి పారిపోతాడు. తెలుగు బైబిల్లో కూడా సరిగ్గా అదే మాట. మా తాతని ఊళ్లో పిలిచిన మాట. జీతగాడైతే ప్రేమ ఉండదా? ఎవరివో గొర్రెల కోసం పొలాల్లో మందల పక్కన వానాకాలమంతా తడిసినవాడు ఆయన.

అయితే హంట్ తప్పుపట్టింది కూలి కాపరుల్ని కాదు. 1897లో రాసిన ఒక ఉత్తరంలో ఆయనే విడమరిచి చెప్పాడు: తన గురి తమ విశ్వాసుల్ని గాలికొదిలి, ఏ ఆత్మకీ పనికిరాని చర్చల్లో మునిగిన మతగురువుల మీద. బొమ్మ గీసిన రోజుల్లో ఇంగ్లండు చర్చిలో వర్గాల మధ్య అలాంటి వాదాలు జోరుగా సాగుతున్నాయి. అది తెలిశాక నా మనసు కొంత కుదుటపడింది, పూర్తిగా కాదు.

1852లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలో పెట్టినప్పుడు, కాపరి ఏమరుపాటున ఉంటే గొర్రెలు చేలో పడ్డాయనే షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' పంక్తుల్ని దీనికి జోడించారు. ముఖాలు మరీ మోటుగా ఉన్నాయని విమర్శకులు తిట్టారట. ఆ అమ్మాయికి మోడలుగా కూర్చున్నది సర్రేలోని యూవెల్ దగ్గరి పల్లెపిల్లే. పొలంలో ఎండకి మాడే ముఖం ఇంకెలా ఉంటుంది?

దగ్గరికెళ్లి నీడలు చూశాను. గోధుమ, నలుపు కాదు, నీలం, ఊదా. అప్పటి చాలామంది చిత్రకారులు ముదురు రంగు అడుగు మీద బొమ్మ కట్టేవారు. హంట్, ప్రీరాఫెలైట్ అనే చిత్రకారుల బృందంలోని అతని మిత్రులు తెల్లటి అడుగు మీద పలుచగా రంగు పూసేవాళ్లు. కిందనున్న తెలుపు పైనున్న రంగులోంచి వెలుగుతుంది. 1851 వేసవిలో హంట్ యూవెల్ పొలాల్లోనే కూర్చుని ఈ ప్రకృతిని గీశాడు. దగ్గర్లోనే హాగ్స్‌మిల్ ఏటి ఒడ్డున మిత్రుడు మిలే 'ఒఫీలియా' అనే తన బొమ్మకి నేపథ్యం గీస్తున్నాడు. ఒక్కో గడ్డిపరకనీ విడివిడిగా చూశాడు కాబట్టే ఆ గొర్రెల ఆపద నాకు నిజంగా తగిలింది. పాదిరీల గొడవ తెలియకపోయినా నేనలాగే ఆగేవాణ్ని.

ఫొటో తీసి అమ్మకి వాట్సాప్‌లో పంపాను. అక్కడ రాత్రి తొమ్మిదయింది. వెంటనే ఫోన్ చేసింది.

"ముందు ఆ పిల్ల నోట్లోంచి కాయ లాగెయ్యమను నాయనా, పచ్చికాయ అది."

పుర్రె పురుగు గురించి చెప్పాను, పాదిరీల గురించి చెప్పాను. ఊఁ కొడుతూ అంతా విని, కాసేపాగి అడిగింది.

"మరి చేనుగలాయన రాలేదా? గొర్రెల్ని బందెలదొడ్డికి తోలలేదా?"

ఒకసారి మా తాత మంద పక్కచేలో పడితే అలాగే తోలారట. విడిపించుకోవడానికి కట్టిన డబ్బు ఆయన జీతంలోంచే కోశారు. అమ్మ అప్పుడు చిన్నపిల్ల. ఆ ఏడు పండక్కి తనకి కొత్త గౌను రాలేదని ఇవాళే మొదటిసారి చెప్పింది.

ఫోన్ పెట్టేసి బొమ్మ మళ్లీ అంతా వెతికాను. చేను గల మనిషి అందులో ఎక్కడా లేడు.