రెండో ప్రశ్నకు సిద్ధపడటం

హైదరాబాదులో నేను పనిచేసే చోట కొన్నేళ్లుగా ఫ్రెషర్లకూ, రెండు మూడేళ్ల అనుభవం ఉన్నవారికీ టెక్నికల్ ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఏటా బీటెక్ ఆఖరి సంవత్సరం పిల్లలు, ఎంసీఏ పూర్తిచేసి ఇక్కడికి వచ్చి హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నవారు ఫోన్ చేసి, "ఊప్స్‌లో ఏమేం అడుగుతారన్నా? వెబ్‌లో ఎంతవరకు చదవాలి?" అని అడుగుతుంటారు. ఊప్స్ అంటే క్లాసులు, ఆబ్జెక్టులతో ప్రోగ్రాము రాసే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్. మొదట అడిగే ప్రశ్నల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. వాటికి చాలామంది సరిగ్గానే జవాబు చెబుతారు కాబట్టి ఎవరికి విషయం తెలుసో, ఎవరికి వాక్యం మాత్రమే గుర్తుందో అక్కడ తేలదు. అది తేలేది ఆ జవాబు విన్న వెంటనే మేము అడిగే రెండో ప్రశ్న దగ్గర. ప్రిపరేషన్ అంతా దాన్ని దృష్టిలో పెట్టుకునే సాగాలని నా గట్టి నమ్మకం.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్సు షాపుల్లో అమ్మే స్పైరల్ బైండింగ్ నోట్సును నేను తక్కువ చేసి మాట్లాడను. కాలేజీలో జావా సరిగ్గా అందని ఎంతోమందికి మొదటి దారి చూపింది ఆ నోట్సే. అయితే ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ అన్న ఊప్స్ మూలసూత్రాలు నాలుగింటికీ నిర్వచనాలు, జంతువు క్లాసు నుంచి కుక్క క్లాసు వచ్చిందన్న ఉదాహరణ చదివి ఆగిపోతే, "మీ ప్రాజెక్టులో దీన్ని ఎక్కడ వాడారు, వాడకపోతే ఏం చెడేది?" అన్న ప్రశ్నకు నోట పలుకు రాదు.

ఎన్‌క్యాప్సులేషన్‌నే తీసుకుందాం. వేరియబుల్స్ అన్నిటినీ ప్రైవేట్ చేసి, ప్రతిదానికీ ఒక గెట్టర్ (విలువను చదివి ఇచ్చే మెథడ్), ఒక సెట్టర్ (విలువను మార్చే మెథడ్) రాయడమే ఎన్‌క్యాప్సులేషన్ అని చాలామంది చెబుతారు. బ్యాంకు ఖాతా క్లాసులో బ్యాలెన్సుకు సెట్టర్ ఉంటే, ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ తీయకూడదన్న నియమాన్ని ఆ క్లాసు కాపాడలేదు. ఎవరైనా ఏ అంకెనైనా నేరుగా పెట్టేయగలరు. డిపాజిట్, విత్‌డ్రా అన్న రెండు మెథడ్స్ మాత్రమే బయటికి ఇచ్చి, నియమాన్ని వాటి లోపల ఉంచినప్పుడే డేటాకు రక్షణ ఉంటుంది. లావాదేవీల లిస్టును గెట్టర్ ఉన్నది ఉన్నట్టుగా తిరిగి ఇస్తే, బయటివారు ఆ లిస్టులో నుంచి ఒక లావాదేవీని తొలగించగలరన్న సంగతి కూడా చెప్పగలిగిన అభ్యర్థికి నేను వెంటనే మంచి మార్కు వేస్తాను.

ఇన్‌హెరిటెన్స్‌కు, అంటే ఒక క్లాసు మరో క్లాసు మెథడ్స్‌ను వారసత్వంగా పొందడానికి, జావా లైబ్రరీలోనే గొప్ప పాఠం ఉంది. 1996లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ అందులో స్టాక్ అన్న క్లాసు వెక్టర్ క్లాసును ఎక్స్‌టెండ్ చేస్తుంది. స్టాక్ అంటే ఆఖరున పెట్టినది ముందు బయటికి రావాలి. కానీ వెక్టర్ మెథడ్స్ అన్నీ వారసత్వంగా వచ్చేశాయి కనుక, మధ్యలో ఎక్కడైనా ఒక ఎలిమెంటును చొప్పించవచ్చు, ఎక్కడిదైనా తీసేయవచ్చు. అధికారిక డాక్యుమెంటేషన్ సైతం దీనికి బదులు డెక్‌ను (రెండు చివరల నుంచీ చేర్చి తీయగల క్యూను) వాడమంటుంది. స్టాక్ లోపల ఒక లిస్టును దాచుకుని, పుష్, పాప్ మాత్రమే బయటికి చూపించి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు. కంపోజిషన్‌కు (ఇలా ఒక ఆబ్జెక్టును లోపల దాచుకుని వాడుకోవడానికి), ఇన్‌హెరిటెన్స్‌కు తేడా అడిగినప్పుడు పుస్తకంలోని వాక్యం అప్పజెప్పేకన్నా ఈ ఒక్క ఉదాహరణ చెప్పడం మేలు. అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ప్రసంగంలో ముందుకు తెచ్చిన ఆలోచన, అంటే తల్లి క్లాసు ఉన్న చోట పిల్ల క్లాసును పెట్టినా ప్రోగ్రాము తప్పుదారి పట్టకూడదన్నది, దీని పక్కనే పెట్టి చదివితే తేలిగ్గా అర్థమవుతుంది.

ఫ్రెషర్లను నేను తప్పకుండా అడిగేది, కీ ఇస్తే దానికి జతచేసిన విలువను వెతికి ఇచ్చే హ్యాష్‌మ్యాప్ గురించి. విద్యార్థి అన్న క్లాసు రాసి, అందులో రోల్ నంబరు ఒక్కటే సరిపోలేలా ఈక్వల్స్ మెథడ్ రాశారనుకోండి. ఆబ్జెక్టు మ్యాపులోని ఏ బకెట్‌లో, అంటే ఏ అరలో, ఉండాలో తేల్చే అంకెనిచ్చే హ్యాష్‌కోడ్ మెథడ్ మాత్రం రాయలేదు. రోల్ నంబరు 12 ఉన్న ఒక ఆబ్జెక్టును కీగా పెట్టి మార్కులు భద్రపరిచి, అదే రోల్ నంబరుతో మరో కొత్త ఆబ్జెక్టును సృష్టించి దానితో వెతికితే ఏం వస్తుంది? రెండూ సమానమేనని ఈక్వల్స్ చెబుతున్నా, మామూలుగా నల్, అంటే ఏమీ లేదన్న జవాబు, వస్తుంది. ఎందుకంటే మ్యాపు ముందు చూసేది హ్యాష్‌కోడ్‌ను. మనం రాయనప్పుడు రెండు వేరు వేరు ఆబ్జెక్టులకు సాధారణంగా వేరు వేరు విలువలు వస్తాయి, వెతుకులాట వేరే బకెట్‌కు పోతుంది, ఈక్వల్స్‌ను పిలిచే అవసరమే రాదు. ఇక్కడివరకు చెప్పినవారిని, హ్యాష్‌కోడ్ కూడా సరిగ్గా రాసి, మ్యాపులో పెట్టిన తరువాత అదే ఆబ్జెక్టు రోల్ నంబరును 13గా మారిస్తే ఏమవుతుందని అడుగుతాను. ఎంట్రీ మ్యాపులోనే ఉంటుంది, కానీ 12తో వెతికినా 13తో వెతికినా దొరకదు. స్ట్రింగ్ మంచి కీ ఎందుకు అవుతుందో, మారని ఆబ్జెక్టులకు అంత విలువ ఎందుకో ఈ ప్రయోగం చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ ప్రోగ్రాము రాయడానికి పావుగంట చాలు, అయినా రాసి రన్ చేసి చూసి వచ్చేవారు తక్కువ. చూసినవారి గొంతులోనే ఆ ధైర్యం తెలిసిపోతుంది.

ఓవర్‌లోడింగ్ (ఒకే పేరుతో వేరు వేరు పారామీటర్ల మెథడ్స్ రాయడం), ఓవర్‌రైడింగ్ (తల్లి క్లాసు మెథడ్‌ను పిల్ల క్లాసులో తిరగరాయడం) తేడా అందరికీ వస్తుంది. స్టాటిక్ మెథడ్ ఓవర్‌రైడ్ ఎందుకు కాదో, జావా 8లో ఇంటర్‌ఫేసులకు డిఫాల్ట్ మెథడ్స్ వచ్చాక అబ్‌స్ట్రాక్ట్ క్లాసుకు మిగిలిన ప్రత్యేకత ఏమిటో మాత్రం ఒకసారి చూసుకోండి.

వెబ్ విషయానికి వస్తే, విడివిడిగా వంద ప్రశ్నలు చదివేకన్నా మీ సొంత ప్రాజెక్టులోని లాగిన్ పేజీని ఒకదాన్ని పట్టుకుని, బటన్ నొక్కిన క్షణం నుంచి జవాబు తెరమీదికి వచ్చేదాకా ఏం జరుగుతోందో వెంబడించమని చెబుతాను. బ్రౌజరులో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. డొమైన్ పేరు ఐపీ చిరునామాగా మారడం, 443 పోర్టుకు కనెక్షన్ కుదరడం, డేటా రహస్యంగా వెళ్లడానికి టీఎల్‌ఎస్ ఒప్పందం, ఆ తరువాత డేటాను సర్వరుకు పంపే పోస్ట్ రిక్వెస్టు, దాని హెడర్లు, స్టేటస్ కోడు, సర్వరు పంపగా బ్రౌజరు దాచుకునే చిన్న సమాచారం, అంటే కుకీ, వరసగా అర్థమవుతాయి. బ్రౌజరు, సర్వరు మాట్లాడుకునే నియమావళి అయిన హెచ్‌టీటీపీకి పాత రిక్వెస్టు గుర్తుండదు. ఆ లోటు తీర్చడానికే 1994లో నెట్‌స్కేప్ అన్న బ్రౌజరు కంపెనీలో లూ మాంటుల్లీ కుకీలను తెచ్చాడు. లాగిన్‌కు గుర్తుగా ఇచ్చే టోకెన్‌ను బ్రౌజరులోని లోకల్ స్టోరేజీలో పెడితే పేజీలోకి చొరబడిన స్క్రిప్టు దాన్ని చదవగలదనీ, హెచ్‌టీటీపీ ఓన్లీ కుకీని చదవలేదనీ, అయితే కుకీ ఆ సైటుకు వెళ్లే రిక్వెస్టులతో తనంతట తాను పోతుంది కనుక సీఎస్ఆర్ఎఫ్ (వేరే సైటు మీ పేరుతో రిక్వెస్టు పంపించే మోసం) గురించి వేరే జాగ్రత్త పడాలనీ ఇదే దారిలో తెలుస్తుంది. మీరెవరో తెలియదన్నప్పుడు 401, తెలుసు గానీ అనుమతి లేదన్నప్పుడు 403 అన్న తేడా కూడా అక్కడే కళ్లారా చూడవచ్చు.

పుట్ ఐడెంపొటెంట్ (అదే రిక్వెస్టు ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే), పోస్ట్ కాదు అన్న వాక్యం చాలామందికి కంఠస్థం. బస్సు టికెట్ కొంటూ డబ్బు కట్టే బటన్ నొక్కగానే సిగ్నల్ పోయి, ప్రయాణికుడు మళ్లీ నొక్కితే రెండుసార్లు డబ్బు పోకుండా మీరెలా చూస్తారని అడిగితే మాత్రం మౌనమే జవాబవుతుంది. ప్రతి చెల్లింపు ప్రయత్నానికీ ఒక ప్రత్యేకమైన కీ ఇచ్చి, అదే కీ రెండోసారి వస్తే సర్వరు కొత్తగా డబ్బు తీసుకోకుండా పాత ఫలితాన్నే తిరిగి పంపాలన్నంత చెప్పగలిగితే చాలు.

జావాస్క్రిప్టులో ఈవెంట్ లూప్, అంటే ఏ కోడు ఎప్పుడు నడవాలో వరస తేల్చే ఏర్పాటు, తప్పించుకోలేని అంశం. 1 ప్రింట్ చేసి, సున్నా మిల్లీసెకన్ల సెట్‌టైమౌట్‌లో 2, అప్పటికే రిజాల్వ్ అయిన (ఫలితం సిద్ధమైన) ప్రామిస్ తాలూకు దెన్‌లో 3, చివరి వరుసలో 4 రాస్తే, వచ్చే వరస 1, 4, 3, 2. ముందు మామూలు కోడు అంతా పూర్తవుతుంది, తరువాత మైక్రోటాస్కులు (ఇక్కడ దెన్‌లోని పని), ఆ తరువాతే టైమరు. కన్సోలులో అంకెల స్థానాలు మార్చి మార్చి, ఫలితాన్ని ముందే కాగితంమీద రాసుకుని సరిచూసుకోండి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. విషయం తెలిసీ ఇంగ్లీషు వాక్యం కుదరక ఆగిపోయేవారిని చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. ముందు రూమ్మేటుకు తెలుగులో బోర్డుమీద గీసి వివరించండి. అతను ఎక్కడ అడ్డుపడి అడుగుతాడో అదే మీ రెండో ప్రశ్న. అది తేలాక అదే వివరణను చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పైకి చెప్పి రికార్డు చేసుకుని వినండి. తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, తెలిసినదాని నుంచి ఎలా ఊహిస్తారో చెప్పడం పూర్తిగా గౌరవప్రదమైన జవాబు. చేయని పనిని రెజ్యూమేలో ఎక్స్‌పీరియెన్సుగా చూపించే సలహా ఎవరిచ్చినా వినకండి. వెరిఫికేషన్‌లో అది బయటపడితే చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది.

ఇంటర్వ్యూ ముందు రోజు కొత్త అంశమేదీ మొదలుపెట్టకుండా, రెజ్యూమేలో రాసుకున్న ప్రాజెక్టు కోడును తెరిచి, ప్రతి క్లాసు దగ్గరా, ప్రతి టేబుల్ దగ్గరా ఇది ఇలాగే ఎందుకు ఉందో మీకు మీరు పైకి చెప్పుకుంటూ పోండి. జవాబు దొరకని చోట గుర్తు పెట్టుకుని, ఆ రాత్రి వాటినే చదవండి. నేను ప్రశ్నలు మొదలుపెట్టేది చాలావరకు ఆ కోడు నుంచే.