అద్దెవాళ్లు మాట్లాడకూడదట!

సింహాచలం కొండ చుట్టూ నడిచే గిరి ప్రదక్షిణ నిన్న రాత్రే అయింది. కాళ్లు ఇంకా పీకుతున్నాయి. అయినా ఇది ఎవరితోనైనా చెప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టదు.

మాది అనంతపురం. మావారి ఉద్యోగం కోసం విశాఖ వచ్చి ఎంవీపీ కాలనీలో అద్దెకు దిగాం. ఇల్లు దొరకడం, పాలు పొంగించడం, గ్యాస్ మార్పించుకోవడం సాఫీగానే అయిపోయాయి. రైతు బజార్‌లో కూరగాయలవాళ్లు త్వరలోనే గుర్తుపట్టి కొసరు వెయ్యడం మొదలుపెట్టారు. మా అపార్ట్‌మెంట్‌ వాళ్లు మాత్రం లిఫ్ట్‌లో ఎదురుపడితే ఫోన్ చూసుకునేవారు.

ఎండాకాలంలో నీళ్లకి కటకట వచ్చింది. ట్యాంకర్లు తెప్పించి ఖర్చు ఫ్లాట్లన్నిటికీ సమానంగా వేశారు. మేం ఇద్దరమే, పై ఫ్లాట్‌లో ఏడుగురు. సెల్లార్‌లో మీటింగ్ అని నోటీసు చూసి వెళ్లాను. నోరు తెరిచానో లేదో, సెక్రటరీ గారు చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా, ఇది ఓనర్ల మీటింగ్. అద్దెవాళ్లు మాట్లాడకూడదు. మీ ఓనర్‌ని రమ్మనండి" అన్నారు. ఆయనేమో హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోనే ఎత్తడు. అక్కడితో ఆగినా బాగుండేది. వెనక నుంచి ఒకావిడ "ఓనర్లకే కుర్చీలు చాలట్లేదు" అంది. లేచాను. ఆ కుర్చీలో ఆవిడ తన హ్యాండ్‌బ్యాగు పెట్టుకుంది! మనిషి కూర్చుంటే అంత మండేది కాదు. సంఘంలో సభ్యత్వం ఓనర్లదేనని నాకూ తెలుసు, నేనేం ఓటు అడగలేదు. ట్యాంకర్ డబ్బులు వసూలు చేసేటప్పుడు మేం అద్దెవాళ్లమని గుర్తు రాదేం?

ఇక గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్ మీదుగా మా కాలనీకి వచ్చి, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం చుట్టి మళ్లీ కొండ కిందికే చేరతారు. మొత్తం 32 కిలోమీటర్లు. దారి పొడవునా మజ్జిగ, పులిహోర పంచుతారు. మా అపార్ట్‌మెంట్‌ వాళ్లూ టెంట్ వేశారు. నన్నెవరూ పిలవలేదు. వాచ్‌మన్ భార్య వచ్చి, "అక్కా, మజ్జిగ కలపడానికి మనుషులు చాల్లేదు, రండి" అంది. ఆ అమ్మాయి పిలిచింది కాబట్టి వెళ్లాను. సెక్రటరీ పిలిచుంటే కదిలేదాన్ని కాదు.

చీకటి పడ్డాక జనం విరగబడ్డారు. అందరూ ఒక్క టేబుల్ మీదే పడి తోపులాట. పిల్లలకి ట్రేలిచ్చి రోడ్డు అంచున వరసగా నిలబెట్టాను, నడిచేవాళ్ల చేతికే గ్లాసు అందించమన్నాను. తోపులాట పోయింది, నడకా ఆగలేదు. ఆ ఐడియా నాదే, నలుగురిలోనూ చెప్పుకుంటాను. అర్ధరాత్రి దాటాక పెరుగు అయిపోతే అందరూ నా మొహమే చూశారు. ఇంటింటికీ పంపి నిమ్మకాయలు, పంచదార తెప్పించాను. హ్యాండ్‌బ్యాగు ఆవిడ నా పక్కనే కూర్చుని నిమ్మకాయలు పిండుతూ, తొలిసారి నా పేరు అడిగింది. సారీ మాత్రం లేదు.

కొత్తగా వచ్చినవాళ్లకి నేను చెప్పేది ఒకటే. మీటింగులకి కాదు, పనిలోకి వెళ్లండి. ముందు వాచ్‌మన్ ఇంటివాళ్లతో మాట కలపండి, బిల్డింగ్ గుట్టంతా వాళ్లకే తెలుసు. స్వీట్లు పంచమని మా అత్తగారు చెప్తే పంచాను. డబ్బా అందుకుని తలుపేసుకున్నారు. దండగ ఖర్చు.

పొద్దున సెక్రటరీ గారు మెట్ల దగ్గర ఆపి, వినాయక చవితి ప్రసాదాల బాధ్యత తీసుకోమన్నారు. ముందు ట్యాంకర్ లెక్క తేల్చండి, తర్వాత చూద్దాం అన్నాను.