తలకట్టు విడి ముక్క: పిండితో, రవ్వతో అక్షరాలు నేర్పిన నా అనుభవం

అక్షరాభ్యాసం రోజున పళ్ళెంలో బియ్యం పోసి, పిల్ల వేలు పట్టుకుని రాయిస్తాం. పద్ధతి మంచిదే, రోజువారీ సాధనకు బియ్యమే పనికిరాదు. గింజ లావు కాబట్టి గీత అంచు నిలవదు. బియ్యప్పిండి పోస్తే చెమట వేలికి అంటుకుంటుంది. నాకు కుదిరింది ఉప్మా రవ్వ. అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు ఉన్న ట్రే అడుగున నల్ల చార్టు ముక్క అతికించి, పావు కిలో రవ్వ పోసి పరిస్తే అర సెంటీమీటరు మందం వస్తుంది. అంతకు మించి పోస్తే వేలు వెళ్ళగానే పక్కల రవ్వ గీతలోకి జారుతుంది, అడుగు నలుపు కనబడదు, పిల్లలకు తాము రాసింది తెలియదు.

మొదటి వారం అక్షరాల జోలికి వెళ్ళను. కొండ, గిన్నె, సున్న, ఈ మూడే. కొండ అంటే ఎడమ కింద మొదలై పైకెక్కి కుడివైపు దిగడం. అదే ‘గ’కు ఒళ్ళు. గిన్నె అంటే ఎడమ పైన మొదలై కిందికి దిగి మళ్ళీ కుడివైపు లేవడం. ‘ప’ రావాలంటే ఈ కదలిక కావాలి. సున్న వచ్చిందంటే ‘ర’ సగం వచ్చినట్టే. ‘అ’తో మొదలుపెట్టాలన్న పట్టుదల పెద్దవాళ్ళదే. మెలికలున్న ‘అ’ నాలుగేళ్ళ వేళ్ళకు కష్టం.

తర్వాత పిండి. రెండు కప్పుల మైదా, ఒక కప్పు సన్న ఉప్పు, రెండు చెంచాల నూనె. నీళ్ళు ముప్పావు కప్పు దాకా పడతాయి, కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండి కంటే గట్టిగా కలపాలి. గళ్ళుప్పు వేస్తే తాడులా చేసేటప్పుడు గింజల దగ్గర పగులుతుంది. మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతాను. వానాకాలంలో బయట వదిలేస్తే ఉప్పు తేమ లాగి పిండి జిగురవుతుంది, అప్పుడు గుప్పెడు మైదా కలిపితే సరి. చేతికి గాటు ఉన్న పిల్లలకు ఆ రోజు పిండి ఇవ్వను, ఉప్పు మండుతుంది. నోట్లో పెట్టుకునేవాళ్ళుంటే పక్కనే ఉండాలి.

పిండిని రెండు భాగాలు చేసి ఒకదానిలో పసుపు కలుపుతాను. తెల్లది అక్షరం ఒంటికి, పచ్చది తలకట్టుకు. పెన్సిలంత లావు తాడు, 15 సెంటీమీటర్లది, చేగోడీ చుట్టినట్టు చుట్టి కొసలు కలిపితే ‘ర’ ఒళ్ళు సిద్ధం. 5 సెంటీమీటర్ల పచ్చ ముక్కను టిక్కు మార్కులా మడిచి పైన పెట్టాలి.

ఈ రంగు తేడా ఉపయోగం గుణింతం దగ్గర కనబడుతుంది. ‘గ’ మీది పచ్చ ముక్క తీసి గుడి పెడితే ‘గి’, దీర్ఘం పెడితే ‘గా’. ‘గు’కు మాత్రం తలకట్టు తీయకూడదు, పక్కన కొమ్ము చేరుతుంది. పలక మీద చెరిపి రాస్తుంటే ఈ తీయడం, ఉంచడం పిల్లల కంటికి ఆనదు. చేత్తో తీసి పక్కన పెట్టినది గుర్తుంటుంది. జ, ట, ణ, బ, ల లాంటి తలకట్టు లేని అక్షరాలను ఈ ఆటలోకి తేవద్దు. వాటికీ పచ్చ ముక్క తగిలించేస్తారు. తలకట్టు అలవాటు గట్టిపడ్డాక, వేరుగా చూపించాలి.

అందరూ చిక్కుకునేది ‘ప’, ‘వ’ దగ్గర. రెంటికీ మధ్య వారమైనా ఎడం ఉండాలి. ‘ప’ ఎడమ కొస తెరిచి ఉంటుంది, ‘వ’కు అక్కడ చిన్న ముడి ఉంటుంది. ఆ ముడికి తాడు చాలదు కాబట్టి ‘వ’కు 20 సెంటీమీటర్లు తీసుకోమంటాను. ‘ప’ కడుపులో గీత పెడితే ‘ష’. అసలు తిప్పలు ‘వు’తో. ‘గు’లాగే పక్కన కొమ్ము తగిలిస్తే అది ‘మ’ అయి కూర్చుంటుంది. అందుకే ‘పు’, ‘వు’లకు కొమ్ము కింది నుంచి మొదలవుతుంది. ‘వ’ చేసి, పక్కన ఒకసారి, కింద ఒకసారి కొమ్ము పెట్టి చూపిస్తే పిల్లలే పసిగడతారు.

పిండికి ఒక లోపముంది. తాడును ఏ కొసనుంచి పెట్టినా అక్షరం తయారవుతుంది, కాబట్టి చేతికి వరస రాదు. ఆకారం చక్కగా కుదిరి, రాయమంటే కుడినుంచి మొదలుపెట్టే పిల్లలు అందుకే ఉంటారు. చేసిన ప్రతి అక్షరం మొదటి కొస దగ్గర ఒక పెసరగింజ గుచ్చి, చూపుడు వేలితో మూడుసార్లు దాని మీద నడిపించాలి. చివర తలకట్టు. వెంటనే అదే అక్షరం రవ్వలో. ముక్కులో గింజలు పెట్టుకునే వయసైతే పెసరగింజ వద్దు, స్కెచ్ పెన్ చుక్క చాలు.

పలక ఆ తర్వాతే. బలపం పొడుగ్గా ఉంటే పిడికిలితో పట్టేస్తారు. రెండు సెంటీమీటర్ల ముక్కలుగా విరిచి ఇస్తే పిడికిలికి చోటు ఉండదు, రెండు వేళ్ళు, బొటనవేలు వాటంతటవే చేరతాయి. బలపం కొరికే పిల్లలుంటే అంతే పొట్టి చాక్‌పీసు ముక్క ఇచ్చి, రాసినంతసేపూ కనిపెట్టి ఉండాలి. ఒక పూటకు పది నిమిషాలు. ఆవులింత వస్తే అంతకు ముందే ఆపేస్తాను.