వైజాగ్‌లో దెయ్యాల కొంపకి పర్మిషన్: నా అనుభవం

నిన్న సాయంత్రం కాగితం చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నేను నాటకాల డైరెక్టర్ని. జనం లోపల నడుస్తూ చూసే దెయ్యాల కొంపని ఎగ్జిబిషన్ సీజన్‌కి కట్టాను. స్థలం, కరెంటు తేలిగ్గా అయిపోయాయి. నటులు ఇంకా తేలిక. పరిషత్ నాటకాల్లో అరిచి అరిచి రాటుదేలిన గొంతులు మన ఊళ్లో బోలెడు.

చావొచ్చింది లైసెన్సు దగ్గరే. నాటకం అంటే "సీట్లెన్ని?" అన్నారు. సీట్లుండవు, నడుస్తారంటే "అయితే ఎగ్జిబిషన్. స్టాళ్లెన్ని?" స్టాళ్లూ లేవంటే "జెయింట్ వీల్ లాంటిదా? మెషీన్ ఫిట్‌నెస్ తెండి." వరండా నిండా జనం ఉండగా ఓ గుమాస్తా, "ఏటి మాస్టారూ, దెయ్యాలకి మేం పర్మిషనివ్వడమేటి? శ్మశానంలో అడగండి" అన్నాడు. బల్లల వెనక ఒకటే నవ్వులు. 1885లో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు స్టేజీ మీద మాయాబజార్ చూపిస్తే నోరెళ్లబెట్టిన జాతి మనది. నాటకాలోడికి కుర్చీ మాత్రం వెయ్యరు.

వాళ్లతో వాదించకండి. వాళ్లకి కావలసింది ఒక అంకె, అంతే. బ్యాచ్‌కి 6గురు, 90 సెకన్లకో బ్యాచ్, లోపల 6 నిమిషాల నడక. అంటే ఏ క్షణాన చూసినా లోపల 24 మంది, నటులు 9 మంది, మొత్తం 33. సీట్ల గడిలో "ఒకేసారి లోపల ఉండేవారు: 33" అని రాసిచ్చాను. ఫైలు కదిలింది. కదిలిన రోజే ఫ్రీ పాసులడిగారు. సీట్లు లేవు కదండీ అన్నాను.

తనిఖీకి వచ్చినాయన మాత్రం పని తెలిసిన మనిషి. 1984లో న్యూజెర్సీలో ఇలాంటి కొంపలోనే 8 మంది పిల్లలు కాలిపోయారు. చీకట్లో దారి కనబడక ఒకడు లైటర్ వెలిగిస్తే గోడకున్న ఫోమ్ అంటుకుంది. అందుకే ఫోమ్, థర్మాకోల్ ముట్టుకోకండి. ఒక్క స్విచ్ నొక్కితే తెల్ల లైట్లన్నీ వెలగాలి, సౌండూ, ఫాగూ (మెషీన్ వదిలే పొగ) ఆగాలి. ఆ స్విచ్ ఆయన చేతే నొక్కించాను. ఫాగ్ గదిలో స్మోక్ డిటెక్టర్ పెడితే షో అంతా కూస్తూనే ఉంటుంది. అక్కడికి హీట్ డిటెక్టర్ అడగండి. నటుడు ఎప్పుడూ బ్యాచ్ వెనక నుంచే రావాలి. ఎదురొస్తే జనం వెనక్కి పరిగెత్తి తర్వాతి బ్యాచ్ మీద పడతారు.

తెరలకి నూలు గుడ్డే వాడండి. అవి తేలిగ్గా అంటుకోకుండా, లీటరు వేడి నీళ్లకి 105 గ్రాముల వెలిగారం, 45 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి, గుడ్డ పూర్తిగా నానేదాకా ముంచి ఆరెయ్యాలి. పాలిస్టర్‌కి ఇది పట్టదు. ఆరాక ఓ పీలిక కత్తిరించి, ఆరుబయట పట్టకారుతో వేలాడదీసి, 12 సెకన్లు అగ్గిపుల్ల మంట పెట్టండి. మంట తీసేశాక 2 సెకన్లలో ఆరిపోవాలి, మండే చుక్క కిందికి రాలకూడదు. ఈ మందు నీళ్లలో కరిగిపోయే రకం. బీచ్ రోడ్డు గాలికి తెరలు చెమ్మగిల్లుతూనే ఉంటాయి, వాన జల్లు కొట్టిందంటే మందు కొట్టుకుపోయినట్టే. తడిసిన తెరని దించి, మళ్లీ ముంచి, మళ్లీ పీలిక కాల్చి చూశాకే కట్టండి.