ట్రాక్‌కు వెళ్లే కారులో ఏ బ్రేక్ ఆయిల్ పోయాలి?

విజయనగరం నుంచి చెన్నై శివార్లలో ఇరుంగట్టుకోట్టైలో ఉన్న రేస్ ట్రాక్, మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. అంత దూరం సొంత కారు నడుపుకుంటూ వెళ్లి, దాన్నే ట్రాక్ మీద తిప్పి, మళ్లీ దానిలోనే ఇంటికి రావాలనుకునేవారు ఇంజిన్ కన్నా ముందు బ్రేకుల గురించి, బ్రేకుల్లోనూ మొదట బ్రేక్ ఆయిల్ గురించి ఆలోచించాలి. ట్రాక్ డే అనగానే మన దగ్గర కుర్రవాళ్లు అల్లాయ్ చక్రాలకూ సైలెన్సర్‌కూ వేలకు వేలు పోస్తున్నారు గాని, బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ ఏ రంగులో ఉందో చూసేవారు తక్కువ.

మనిషితో కలిపి వెయ్యి కిలోలు తూగే చిన్న కారు గంటకు 140 కిలోమీటర్ల వేగం నుంచి మలుపు ముందు 60కి దిగాలంటే, ఆ కొద్ది సెకన్లలో సుమారు 6.17 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. రెండు లీటర్ల నీటిని గది ఉష్ణోగ్రత నుంచి మరిగే దాకా తేవడానికి ఆ వేడి సరిపోతుంది. సుమారు 3.7 కిలోమీటర్ల ఆ ట్రాక్ మీద ఒక్క చుట్టులోనే చిన్నా పెద్దా కలిపి ఇలాంటి బ్రేకులు చాలాసార్లు పడతాయి. మధ్యలో డిస్కులు పూర్తిగా చల్లారే వ్యవధి ఉండదు. ఆ వేడి డిస్కులను నొక్కే ప్యాడ్ల గుండా, ప్యాడ్లను నెట్టే కాలిపర్ పిస్టన్‌కు, అక్కడి నుంచి దాని వెనక ఉన్న ఆయిల్‌కు చేరుతుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే పెడల్ మెత్తగా నేల దాకా పోతుంది, చక్రానికి మాత్రం ఒత్తిడి అందదు.

ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోవడం వేరు. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు. ఈ రెంటి తేడా పాదానికి తెలియాలి. ఎందుకంటే మొదటిదానికి మందు ఆయిల్ మార్చడం, రెండోదానికి ప్యాడ్లు మార్చడం. సాలూరు దాటి ఘాట్ రోడ్డు మీద తిరిగే లారీ డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగాలంటారు. వాళ్ల బండ్లకు ఉండేవి గాలి బ్రేకులు కాబట్టి వాళ్ల భయం లైనర్ల వేడి గురించే. అదే ఘాట్‌లో న్యూట్రల్ చేసి, బ్రేకు మీదే కాలు పెట్టి దిగే కారుకు ఆయిల్ మరిగే ప్రమాదం కూడా ఉంది.

ఇక ఎంపిక. అమెరికా రవాణా శాఖ పేరుతో వచ్చిన డాట్ ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్‌కు కనీస మరుగుస్థానం డాట్ 3కి 205 డిగ్రీల సెల్సియస్, డాట్ 4కు 230, డాట్ 5.1కు 260. అవి పొడి అంకెలు, అంటే నీరు చేరని ఆయిల్‌వి. ఈ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రబ్బరు హోసుల గుండా, మూత ద్వారా కొద్దికొద్దిగా నీరు చేరుతూనే ఉంటుంది. నీరు 3.7 శాతానికి చేరినప్పటి కనీస తడి మరుగుస్థానాలు వరుసగా 140, 155, 180. అంటే డాట్ 4 ఆయిల్ ఏ లోపమూ లేకుండానే, కేవలం తేమ వల్ల, 75 డిగ్రీల ఓర్పును పోగొట్టుకోవచ్చు. సముద్రానికి ఇంత దగ్గరగా ఉండి, తొలకరి నుంచి తుపానుల కాలం దాకా తేమ గాలి పీల్చే మన జిల్లాల కార్లకు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పొడి అంకె కన్నా తడి అంకే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

రేసింగ్ ఆయిళ్లను కూడా ఈ కంటితోనే చూడాలి. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 పొడిగా 300 డిగ్రీలు దాటినా, తడిస్తే 200 ప్రాంతానికి దిగుతుంది. క్యాస్ట్రోల్ రియాక్ట్ ఎస్ఆర్ఎఫ్ తడిసినా 270 దాకా నిలుస్తుంది, కానీ ధర చాలా ఎక్కువ. ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్‌కు వెళ్లేవారికి నేను చెప్పేది, ప్రయాణానికి వారం ముందు సీలు విప్పని డబ్బాతో మంచి డాట్ 4 రేసింగ్ ఆయిల్ పోయించి, ఏడాది తిరగకుండా మళ్లీ మార్చమని. సిలికోన్‌తో చేసే డాట్ 5 జోలికి మాత్రం పోవద్దు. పేరు దగ్గరగా ఉన్నా అది డాట్ 5.1 కాదు, మిగతావాటితో కలవదు. ఎప్పుడో విప్పి షెల్ఫులో పెట్టిన సగం డబ్బా ఆయిల్‌ను, ఎంత ఖరీదైనదైనా, కారులో పోయకూడదు.

మార్పించేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం చాలా కార్లకు వాడుక; మీ కారు పుస్తకంలో వేరే క్రమం ఉంటే అదే పాటించాలి. కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని చివర సీసాలో పాత ఆయిల్‌లో మునిగి ఉండాలి. లోపల కూర్చున్నవాడు పెడల్ తొక్కి "పట్టుకున్నా" అన్నాకే నిపుల్‌ను స్పానర్‌తో పావు చుట్టు తిప్పాలి, పెడల్ పైకి వదలకముందే బిగించాలి. మొదట తేనె రంగులో, ఒక్కోసారి నల్లగా, మధ్యమధ్య బుడగలతో వచ్చే ధార క్రమంగా తేటపడి, బుడగ లేకుండా లేత పసుపులో నిలకడగా రావాలి. ఈలోగా మాస్టర్ సిలిండర్ పైనున్న డబ్బాలో ఆయిల్ మట్టం కనీస గీత కిందికి దిగితే గాలి చొరబడి పని మొదటికొస్తుంది. కొన్ని ఏబీఎస్ కార్లలో గాలి పూర్తిగా పోవడానికి స్కానర్ కావాలి. కారు రంగు మీద పడ్డ ఆయిల్ చుక్కను వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే పెయింటు లేస్తుంది.

ప్యాడ్లు సగానికి పైగా ఉండాలి, కొత్తవైతే ట్రాక్‌కు ముందే అలవాటు పడేలా నడపాలి. చక్రాల నట్లు టార్క్ రెంచితో బిగించాలి. ఫ్లోర్ మ్యాట్లు, సీటు కింది నీళ్ల సీసాలు తీసేయాలి, పెడల్ కింద చిక్కుకునేవి అవే. మామూలు కారు బీమా రేసింగుకు, వేగ పరీక్షలకు వర్తించదు గనుక పాలసీ కాగితం ఒకసారి చదవాలి.

ట్రాక్ మీద చివరి చుట్టు బ్రేకులు వీలైనంత తక్కువగా వాడుతూ నెమ్మదిగా తిరగాలి. వేడిగా వచ్చి నిలిపేస్తే గాలి తగలక, డిస్కుల వేడి ఆయిల్‌లోకి దిగి, నిలబడ్డ కారులోనే అది మరగవచ్చు. నిలిపాక హ్యాండ్ బ్రేక్ లాగకుండా గేరులో ఉంచి చక్రానికి అడ్డు పెట్టాలి. సాయంత్రం ఇంటిదారి పట్టేముందు పెడల్‌ను చల్లారిన తర్వాత ఒకసారి తొక్కి చూడాలి; పొద్దున ఉన్నదానికన్నా ఒక్క అంగుళం లోతుకు పోతున్నా అక్కడే నాలుగు చక్రాల బ్రేకుల్లోంచీ గాలి బుడగలు తీయించుకుని గాని హైవే ఎక్కకూడదు.